ఒడిదుడుకుల కాలమున వ్యాపారము: తేలియా రుమాలు నేర్పిన పాఠము

వ్యాపారమునకు రెండు విధములైన పరీక్షలు కలవు. సరకు చేతిలో నిలువక అమ్ముడుపోవు రోజులలో జరుగునది ఒకటి. కొనువాడు గడప తొక్కని రోజులలో జరుగునది మరియొకటి. మొదటి పరీక్షలో నెగ్గినవారిని మనము సమర్థులని మెచ్చుకొందుము. నిజమునకు సమర్థత బయటపడునది రెండవ పరీక్షలోనే. 2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినపుడు ఈ రెండవ పరీక్ష దాదాపు ప్రతి అంగడికి, ప్రతి మగ్గమునకు ఒక్కనాడే ఎదురైనది. అంతవరకు చక్కగా సాగుచుండిన వ్యాపారములలో కొన్ని మరల తలుపు తెరువలేదు. కొన్ని కుంటుచునైనను నిలిచినవి. ఈ రెండింటికి నడుమ ఉండిన తేడా ఏమి?

అంతయు అదృష్టమని సరిపెట్టుకొనుట సులభమే. కాని ఇల్లు, అంగడి ఒకే గల్లాపెట్టెతో నడచు కుటుంబములు మన ఊళ్లలో వీధికి నాలుగైనను ఉన్నవి. అట్టి ఇంట అంగడి దెబ్బతిన్ననాడు పిల్లల చదువు, పెద్దల మందులు, పెండ్లికని దాచిన బంగారము ఒకదాని వెనుక ఒకటి కరగిపోవును. కావున ఈ ప్రశ్నను అదృష్టమునకు వదలిపెట్టక, దాని లోతుపాతులను కొంత విచారించుట మంచిది. ఇందుకు నీతివాక్యములకంటె ఒక గుడ్డముక్క చరిత్ర మనకు ఎక్కువగా ఉపకరించును. ఆ గుడ్డముక్క పేరు తేలియా రుమాలు.

బాపట్ల జిల్లాలోని చీరాల పట్టణము ఒకప్పుడు ఈ రుమాళ్లకు పుట్టినిల్లు. ఇంచుమించు గజంపావు పొడవు, అంతే వెడల్పు కలిగిన చదరపు వస్త్రమిది. ఎఱుపు, నలుపు, తెలుపు అను మూడు రంగులే దీనికి ప్రధానములు. నూలును నూనెలోను, బూడిద తేటలోను పలుమార్లు నానబెట్టి, పిసికి, ఎండబెట్టుదురు. ఈ పని రెండు మూడు వారముల వరకు సాగును. అట్లు చేసిన నూలునకు ఎఱ్ఱరంగు గాఢముగా పట్టును. గుడ్డ మెత్తగా ఉండును, నూనె వాసన కొంతకాలము వదలదు. తేలియా అను పేరు ఆ తైలమునుండి వచ్చినదే. నేయుటకు ముందే నూలునకు ముడులు వేసి రంగులో ముంచుటవలన బొమ్మ నూలులోనే ఏర్పడును. పడుగు, పేక కలిసినపుడు అది గుడ్డపై విచ్చుకొనును. తొలుత చదరములు, చుక్కలు, త్రికోణములు వేసిన నేతగాండ్రు, 1920, 1930ల నాటికి గడియారములను, విమానములను, గ్రామఫోను పెట్టెలను కూడ ఆ ముడులలో ఇమిడ్చి నేసిరి. కాలము మారుచున్నదని వారికి తెలియకపోలేదు.

ఈ రుమాళ్లు ప్రధానముగా మనవారు కట్టుకొనుటకు నేసినవి కావు. అరేబియా, పారశీక సింధుశాఖ తీరములు, ఏడెన్, తూర్పు ఆఫ్రికా, బర్మా దేశములకు ఇవి ఓడలెక్కి పోవుచుండెను. అక్కడివారు వీనిని తలపాగగాను, భుజముపై వస్త్రముగాను ధరించుచుండిరి. నేతగాడు ఎగుమతి వర్తకునికి సరకు ఇచ్చి సొమ్ము పుచ్చుకొనును. తన గుడ్డను ఎవరు కట్టుకొనుచున్నారో, ఎందులకు మెచ్చుచున్నారో, రేపు మెచ్చుదురో లేదో అతనికి తెలియదు. గిరాకీ ఉన్నంతకాలము ఆ అజ్ఞానమువలన నష్టము కనబడలేదు.

ఈ పరిశ్రమ అంతకుముందే ఒక పెద్ద గాలివానను తట్టుకొన్నదని ఇచ్చట చెప్పవలెను. పూర్వము కోస్తాలో ఎఱ్ఱరంగునకు ఆధారము చిరివేరు. 1868లో జర్మనీ శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్మన్ అనువారు అలిజరిన్ అను రంగును రసాయనశాలలో తయారుచేయు మార్గము కనుగొనిరి. కొలది ఏండ్లలోనే ఆ చౌక రంగు లోకమంతట వ్యాపించినది. చిరివేరు త్రవ్వి అమ్ముకొనువారి జీవనము అంతరించినది. రుమాళ్లు నేయువారు మాత్రము ఆ కొత్త రంగునే తమ పాత నూనె పద్ధతిలో వాడుకొనుట నేర్చుకొని నిలిచిరి. ఒకే సంఘటన ఒకరిని ముంచినది, ఒకరిని తేల్చినది. వేరును అమ్మినవానికి వేరు తప్ప వేరొకటి లేదు. రంగు వేయువానికి రంగువేయు విద్య ఉన్నది. ఈ భేదమును మనము జ్ఞాపకముంచుకొందము. ముందు ముందు ఇది మనకు పనికివచ్చును.

రెండవ గాలివాన రంగువలన రాలేదు, సముద్రముమీదుగా వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఓడల రాకపోకలు అపాయకరములైనవి. 1942లో బర్మా జపాను వశమైనది. యుద్ధము ముగిసినను పూర్వపు వర్తకము పూర్తిగా కోలుకొనలేదు. యంత్రములపై అచ్చువేసిన చౌక గుడ్డలు రంగమునకు వచ్చినవి. తరువాతి దశాబ్దములలో రుమాలు ఎగుమతి క్రమక్రమముగా క్షీణించినది. నేతగాని చేతిలో లోపము లేదు, గుడ్డలో లోపము లేదు. కొనువాడు మాత్రము లేడు.

ఇప్పుడు చీరాలనుండి ఉత్తరముగా, నల్లగొండ ప్రాంతమునకు పోవుదము. 20వ శతాబ్ది తొలి దశాబ్దములలో ఈ ముడుల విద్య చీరాలనుండి పోచంపల్లి, పుట్టపాక గ్రామములకు చేరినది. ఈ రెండును నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నవి. 1951 ఏప్రిలు 18వ తేదీన వినోబా భావే భూదానమునకు నాందిపలికిన పోచంపల్లియే ఇది. ఇచ్చటివారు కూడ మొదట రుమాళ్లనే నేసిరి. ఆ గిరాకీ సన్నగిల్లినపుడు వారియెదుట మూడు దారులు ఉండెను. మగ్గము విప్పి కూలిపనికి పోవుట ఒకటి. ఎవరైన వచ్చి రుమాళ్లు అడుగుదురని ఎదురుచూచుట రెండవది. ఉన్న విద్యతో వేరొక గుడ్డను నేయుట మూడవది.

మొదటి రెండు దారులను పట్టినవారు లేకపోలేదు. కాని ఆ గ్రామముల పేరు నేడు దేశమంతట వినబడుచున్నదనిన, అది మూడవ దారివలననే. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళా మండలికి అధ్యక్షురాలైన కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారు ఈ ముడుల నేతను చీరలకు వాడుడని ప్రోత్సహించిరి. రుమాలు చదరములోని బొమ్మలు చీర అంచులోనికి, పైటచెరగులోనికి వచ్చినవి. మొదట నూలు చీరలు. అటుపిమ్మట కాశీ నేతగాండ్ర వద్ద పట్టు పని నేర్చుకొని వచ్చినవారి మూలమున పట్టుచీరలు. తరువాత దుప్పట్లు, రవిక గుడ్డలు, తెరలు. కొనువారు కూడ మారిరి. ఎక్కడో సముద్రమునకు ఆవలనున్న కనబడని కొనుగోలుదారునకు బదులు, హైదరాబాదులోను, ఇతర నగరములలోను తమ ఎదుటకు వచ్చి బేరమాడు గృహిణి లభించినది. ఆమె ఇష్టానిష్టములు మరునాటికి మగ్గమువద్దకు చేరును. చీరాల కూడ ఊరకుండలేదు. కుప్పడం చీరలతో ఆ పట్టణము తన పేరును నిలుపుకొన్నది.

ఇందులో మనము గమనింపవలసినది ఒకటి ఉన్నది. పోచంపల్లివారు తమకు తెలియని పనిలోనికి దుమకలేదు. సినిమాహాలు కట్టలేదు, ఎరువుల దుకాణము పెట్టలేదు. ముడివేయుట, రంగులో ముంచుట, నేయుట అను పాత విద్య అట్లే ఉన్నది. మారినవి గుడ్డ రూపము, కొనువారు. కష్టకాలములో వ్యాపారమును మార్చుట అనగానే చేతిపనిని వదలి కొత్తపనికి పోవుటయని చాలమంది తలంతురు. పనితనమును గట్టిగా పట్టుకొని, దాని దారిని మాత్రము మార్చుట వేరు. ఊరగాయలు పెట్టి అమ్మునామెకు మామిడికాయ కరవైన ఏట నిమ్మ, ఉసిరి, గోంగూర ఉండనే ఉన్నవి. ఉప్పుకారముల పాళ్లు తెలిసిన చేయి ఆమెకు ఉన్నది. చిరివేరు అమ్మినవానికి, రంగువేసినవానికి ఉన్న తేడా ఇదియే.

అయితే దారి మార్చుటకు వ్యవధి కావలెను. కొత్త గుడ్డ నేర్చుకొనువరకు, దానికి కొనువారు దొరకువరకు ఇంట పొయ్యి వెలుగవలెను. ఆ వ్యవధిని కొనిపెట్టునది చేతిలోని రొక్కము. ఇచ్చట మనము కథను కొంచెము నిలిపి, లెక్కలోనికి దిగవలసియున్నది. లెక్కయనిన విసుగు చెందకుడు. అనేక వ్యాపారములు నష్టమువలనకంటె ఈ లెక్క తెలియకపోవుటవలననే మూతబడుచున్నవి.

ఒక చీరల వ్యాపారి ఉన్నాడనుకొందము. నెలకు 2,00,000 రూపాయల అమ్మకము. సరకు ఖరీదు 1,50,000. అద్దె, జీతములు, కరెంటు మొదలగు ఖర్చులు 30,000. నెలకు 20,000 లాభము. ఇది చక్కని వ్యాపారమే. కాని అమ్మకములో సగము మూడు నెలల అరువు అనుకొందము. సరకునకు, ఖర్చులకు మాత్రము అతడు వెంటనే చెల్లింపవలెను. అపుడు మొదటి నెలలో చేతికి వచ్చునది 1,00,000, పోవునది 1,80,000. కొఱత 80,000. రెండవ నెల, మూడవ నెల కూడ అంతే. మూడు నెలలు గడచునప్పటికి పుస్తకములో 60,000 లాభము కనబడును. పెట్టెలో 2,40,000 లోటు కనబడును. పుస్తకము అబద్ధమాడుటలేదు, పెట్టెయు అబద్ధమాడుటలేదు. లాభము వేరు, రొక్కము వేరు. ఆ 2,40,000 రూపాయలు ముందుగా సమకూర్చుకొననివాడు లాభములు గడించుచునే దివాలా తీయును.

ఇంకొక వింత చూడుడు. అతని అమ్మకము ఒక్కసారిగా రెట్టింపై 4,00,000 అయినదనుకొందము. ఖర్చులు మారలేదు. సరకునకు 3,00,000, ఖర్చులకు 30,000, మొత్తము 3,30,000 పోవలెను. వచ్చునది కొత్త అమ్మకములో రొక్కపు భాగము 2,00,000, పాత అరువు వసూలు 1,00,000. నెలకు 30,000 చొప్పున మూడు నెలలపాటు మరల లోటే. లాభము నెలకు 70,000 అని పుస్తకము చెప్పుచుండగనే పెట్టెనుండి 90,000 తరిగిపోవును. పెరుగుట కూడ రొక్కమును తినును. మంచికాలములో తొందరపడి పెరిగిన వ్యాపారము చెడుకాలపు మొదటి దెబ్బకే కూలుటకు ఇది ఒక ముఖ్యకారణము.

ఇక మూడవ లెక్క. మన వ్యాపారికి నూరు రూపాయల అమ్మకముపై మిగులునది 25 రూపాయలు. ఖర్చులు 30,000. ఈ ఖర్చులు గిట్టుటకు 1,20,000 అమ్మకము చాలును. అనగా అతని వ్యాపారము నూటికి 40 పాళ్లు తగ్గినను అతడు నష్టములో పడడు. ఇదియే అతని గట్టు. ఇపుడు అతడు పెద్ద బజారులో అద్దాల దుకాణము తీసికొని, అద్దెలు, అప్పు వాయిదాలు కలిపి నెలకు మరి 15,000 ఖర్చు పెంచుకొన్నాడనుకొందము. అపుడు 1,80,000 అమ్మకము ఉన్నగాని గిట్టదు. నూటికి 10 పాళ్లు తగ్గినచో చాలును, నష్టము ఆరంభమగును. అమ్మకములు పెరుగునను ఆశతోనే అతడు ఆ దుకాణము తీసికొన్నాడు, పెరుగవచ్చును కూడ. కాని ఏటికి వరద వచ్చుటకు ముందు గట్టును తానే త్రవ్వుకొన్నాడని అతనికి తోచదు. అమ్మినను అమ్మకపోయినను తప్పని ఖర్చు ఎంత అను ప్రశ్నకు ప్రతి వ్యాపారి వద్దను సమాధానము సిద్ధముగా ఉండవలెను. అట్టి ఖర్చునకు కనీసము మూడు నెలలకు సరిపడు సొమ్మును బ్యాంకులో విడిగా ఉంచుకొనుట క్షేమము. పై వ్యాపారికి అది 90,000 రూపాయలు. ఇంటి ఖర్చునకు కావలసినది దీనిలో కలపరాదు. దానిని వేరుగా లెక్కించుకొనవలెను.

ఇంటి విషయము వచ్చినది కావున గృహిణులకు ఒక మాట. గల్లాపెట్టెనుండి అవసరమునకు అంతంత తీసికొను అలవాటువలన వ్యాపారము ఎంత సంపాదించుచున్నదో, ఇల్లు ఎంత వాడుచున్నదో ఇద్దరికిని తెలియదు. నెలకు ఇంత అని ఇంటికి జీతము ఏర్పరచుకొని, మొదటి తేదీన ఒకమారు తీసికొని, మరల పెట్టెను ముట్టకుండుట మేలు. చెడుకాలమున ఆ జీతమును తగ్గించుకొనవలసివచ్చినపుడు ఎంత తగ్గింపవలెనో, ఏది ఆపవచ్చునో, ఏది ఆపరాదో ఇంటిల్లిపాది కూర్చుండి తేల్చుకొనవచ్చును. చాటుగా చేసిన అప్పు ఇంటిని కూల్చును; అందరికి తెలిసిన కొఱతను ఇల్లు పంచుకొనును.

అప్పు చేయక వ్యాపారము నడువదు. అప్పులో దోషము లేదు. అప్పు గడువు తప్పుటలో ఉన్నది. మగ్గము కొనుటకు తెచ్చిన సొమ్ము మగ్గము సంపాదించు ఏండ్లలో తీరవలెను. నూలునకు తెచ్చిన సొమ్ము ఆ గుడ్డ అమ్ముడుపోగానే తీరవలెను. నూలునకని తెచ్చి గోడలు కట్టినవాడు, ఆరు నెలలకు అప్పు తీర్పవలసినపుడు గోడలను అమ్మలేడు. అధికవడ్డీకి మరియొక అప్పు చేయును. అచ్చటినుండి అతడు వ్యాపారికొఱకు కాక, వడ్డీవ్యాపారికొఱకు పని చేయువాడగును.

సరకు ధరల సంగతి ఇట్టిదే. 2021 ఆరంభమున కండీ పత్తి ధర 45,000 రూపాయల ప్రాంతమున ఉండెను. 2022 మే నెలలో అది లక్ష రూపాయలు దాటినది. నూలు ధరలు దానివెంట ఎగసినవి. లాక్‌డౌన్ దెబ్బనుండి కోలుకొనుచుండిన నేతపరిశ్రమకు ఇది పుండుపై కారమైనది. ఆరు నెలల పిమ్మట అందించు గుడ్డకు ఆనాడే ధర నిర్ణయించి మాటయిచ్చినవారు ప్రతి గజముపైన నష్టపడిరి. నూలు ధర ఇంతకు మించినచో గుడ్డ ధర ఇంత పెరుగునని ముందే వ్రాసికొన్నవారు గట్టెక్కిరి. ధర పెరుగునను ఊహతో గోదాము నింపుకొనుట మాత్రము వ్యాపారము కాదు, జూదము. పెరిగిన ధర తగ్గుట కూడ ఉన్నది. నిండిన గోదాములో చిక్కుకొన్నది మన రొక్కమే.

సరకు అమ్మిన తరువాత సొమ్ము రాబట్టుకొనుట చిన్నవారికి పెద్ద కష్టము. పెద్ద సంస్థ చిన్నవానిని నెలలతరబడి త్రిప్పుట మనము చూచుచునే ఉన్నాము. ఈ విషయమున చట్టము కొంత అండగా ఉన్నదని చాలమందికి తెలియదు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము 2006లో వచ్చినది. దాని ప్రకారము నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారునివద్ద సరకు కొన్నవారు ఒప్పందములో వ్రాసికొన్న గడువులోగా చెల్లింపవలెను. ఆ గడువు 45 దినములకు మించరాదు. ఒప్పందము లేనిచో 15 దినములు. ఆలస్యమైనచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీ, అదియు నెలనెలా చక్రవడ్డీగా, ఇచ్చుకొనవలెను. వివాదమును రాష్ట్రములోని ఫెసిలిటేషన్ కౌన్సిలు ఎదుట పెట్టవచ్చును. ఇందుకు కావలసిన ఉద్యమ్ నమోదు 2020 జులై 1వ తేదీనుండి అమలులోనున్నది. దానికి రుసుము లేదు. చట్టమున్నంత మాత్రమున సొమ్ము నడచివచ్చునని మేము చెప్పుటలేదు. కొనువానితో తగవు పెట్టుకొనుటకు చిన్నవాడు జంకుట సహజము. అయినను బిల్లుపై తేదీ, గడువు, నమోదు సంఖ్య స్పష్టముగా వ్రాసిన ఉత్పత్తిదారునకు, నోటిమాటతో సరకు ఇచ్చినవానికి వసూలులో తేడా ఉండును.

కొనువారు ఎందరుండవలెనను ప్రశ్న కూడ రుమాలు కథలోనే ఉన్నది. అమ్మకములో సగము ఒక్కరికే పోవుచున్నచో, ఆ ఒక్కరు మన యజమాని; మనము పేరునకే వ్యాపారులము. ఆ పెద్ద ఖాతాను వదలుకొమ్మని కాదు. దాని పక్కన నాలుగు చిన్న ఖాతాలను, వానిలో ఒకటి రెండయినను నేరుగా వాడుకొనువారివి, ఓపికతో పెంచుకొనవలెను. వానిపై లాభము తక్కువగా ఉండవచ్చును. ఆ తగ్గిన లాభమును బీమా రుసుముగా ఎంచుకొనవలెను.

పోచంపల్లి కథ చీరతో ముగియలేదు. చీరకు పేరు వచ్చినపుడు దానికి నకలు వచ్చినది. ముడులు లేక, మగ్గము లేక, అదే బొమ్మను యంత్రముపై అచ్చువేసి తక్కువ ధరకు అమ్ముట ఆరంభమైనది. ధరలో యంత్రముతో పోటీపడిన చేనేత గెలువదు. అచ్చటివారు పేరును రక్షించుకొను ప్రయత్నము చేసిరి. 2004-05లో పోచంపల్లి ఇకత్‌కు భౌగోళిక గుర్తింపు లభించినది. తేలియా రుమాలునకు కూడ 2020లో అట్టి గుర్తింపు వచ్చినది. చేనేత గుర్తు 2006నుండి వాడుకలోనున్నది. ఈ ముద్రలు పేరును కాపాడును. కాని కొనువారు గుడ్డను త్రిప్పి చూచి, అసలేదో అడిగి తెలిసికొన్నపుడే వానికి ఫలము. అచ్చువేసిన గుడ్డకు సాధారణముగా ఒక వైపు రంగు వెలవెలబోవును. ముడివేసి నేసిన గుడ్డకు రెండువైపుల రంగు ఒకటే.

పని తీరును బాగుపరచినవారు కూడ ఉన్నారు. ముడులు వేయుటకు ముందు నూలును ఆసు పోయవలెను. అనగా ఒక కొయ్యనుండి అర్ధచంద్రాకారమున నాటిన కొయ్యలమీదికి దారమును ఇటునుండి అటు, అటునుండి ఇటు చేతితో వేలమార్లు త్రిప్పవలెను. ఈ పని సాధారణముగా ఇంటి స్త్రీలది. ఒక చీరకు నాలుగైదు గంటలు పట్టును, భుజములు పడిపోవును. తన తల్లి పడు ఈ బాధను చూచిన చింతకింది మల్లేశం ఏండ్లతరబడి ప్రయత్నించి 1999 నాటికి ఆసు యంత్రమును రూపొందించెను. దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టెను. ఆ పని గంటన్నరలో ముగియుచున్నది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన తేలియా పద్ధతిని మరల వెలుగులోనికి తెచ్చి 2011లో పద్మశ్రీ పొందెను. ఒకరు శ్రమను తగ్గించిరి, ఒకరు మరుగుపడిన విద్యను చీరలోనికి, ఓణీలోనికి మరల్చిరి. ఇద్దరును పనితనమును వదలలేదు.

ఇంతవరకు చెప్పినదానిలో ఒక ప్రమాదము దాగియున్నది. దానిని చెప్పక ముగించుట న్యాయము కాదు. గిరాకీ తగ్గినపుడు తక్షణము ఖర్చు తగ్గించుకొను ఉపాయము పనివారికి పని ఆపుట. నేతపరిశ్రమలో నూలిచ్చి నేయించు ఆసామి ఒకడు, కూలికి నేయువారు పలువురు. 2020లో గుడ్డ అమ్ముడుపోక నిలువలు పేరుకొన్నపుడు కొత్త నూలు ఇచ్చుట ఆగినది. ఆసామి చేతిలో గుడ్డయైనను ఉన్నది. కూలినేతగాని చేతిలో ఏమియు లేదు. ఇట్లు ఒకరి నిలకడ మరియొకరి పస్తుగా మారుట అన్యాయమని వేరుగా చెప్పనక్కరలేదు. అది వ్యాపారదృష్టితో చూచినను అవివేకమే. పని దొరకని నేతగాడు నగరమునకు పోయి కాపలాదారుగానో, సరకు చేరవేయువాడుగానో కుదురుకొనును. గిరాకీ మరల వచ్చిననాడు అతడు తిరిగి రాడు. అతని కొడుకు మగ్గమెక్కడు. నూలును ఎప్పుడైనను కొనవచ్చును, అప్పును ఎక్కడైనను తేవచ్చును. ముడి ఎక్కడ వేయవలెనో తెలిసిన వేళ్లను అంగడిలో కొనలేము.

కావున మూడు నెలల నిలువ ధనమును లెక్కించునపుడు పనివారి కూలిలో కొంత భాగమైనను అందులో చేర్చుకొనుట ధర్మము, లాభము కూడ. పూర్తి పని ఇవ్వలేనినాడు ఉన్న పనిని అందరికి పంచుట, ఖాళీ దినములలో కొత్త నమూనాలు నేయించుట, మగ్గములు బాగుచేయించుట వంటివి చేసిన చోట పనితనము చెదరిపోదు. చేనేత సహకార సంఘములు పుట్టినది కూడ ఈ భారమును ఒక్కని భుజముపైనుండి పలువురి భుజములపైకి మార్చుటకే. వాని నడకలో లోపములు ఉండవచ్చును. కాని ఒంటరి నేతగాడు దాటలేని ఏటిని దాటించుటకు పదిమంది కలిసిన పడవ తప్ప వేరు సాధనము లేదు.

చూచితిరి కదా, రుమాలు చెప్పిన పాఠము ఒక్కటే. వ్యాపారమునకు మూలధనము పెట్టెలోని సొమ్ము కాదు, సరకుతో నిండిన గోదాము కాదు, చేతిలోని విద్య. సొమ్ము ఆ విద్యను చెడుకాలము దాటించు పడవ మాత్రమే. పడవను వరదవచ్చిననాడు కట్టలేము. అమ్మకములు బాగుగా సాగు ఏటనే అప్పు తగ్గించుకొని, నిలువ పెంచుకొని, నలుగురు కొనువారిని సంపాదించుకొని, పనివారిని మనవారిగా చేసికొన్న ఇంటికి తరువాతి ఏడు ఎట్లుండునో అను భయము కొంత తగ్గును.

ఈ మాసపు జమాఖర్చులు వ్రాసికొనునపుడు మీరు ఒక కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసి చూడుడు. అమ్మినను అమ్మకపోయినను తప్పని నెల ఖర్చు ఎంత? చేతిలోనున్న రొక్కము ఎన్ని నెలలకు చాలును? మొత్తము అమ్మకములో అందరికంటె పెద్ద కొనుగోలుదారుని పాలు ఎంత? ఆ కొనుగోలుదారుడు రేపటినుండి రాకపోయినచో, మన చేతికి తెలిసిన పనితో ఇంకేమి చేసి అమ్మగలము? మొదటి మూడింటికి అంకెలు చాలును. నాలుగవదానికి సమాధానము తడుముకొనక వ్రాయగల ఇల్లు గాలి ఎటు మారినను నిలువగలదు.